కృష్ణుడు మళ్లీ చెప్పలేనన్న గీత

గుడివాడలో గానీ బందరులో గానీ వీధి చివర నుంచి ఘంటసాల భగవద్గీత వినబడిందంటే ఇళ్లలో ముందు పుట్టే ప్రశ్న "ఎవరు పోయారు?" అనే. కుంగిపోయినవాణ్ణి లేచి నిలబడమన్న మాటల్ని మనవాళ్లు పాడె వెంట నడిపించారు. ఆ గొంతు పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో, 1922 డిసెంబరు 4న. 1974 ఫిబ్రవరి 11న ఆగిపోయింది. చివరి రోజుల్లో ఆయన రికార్డు చేసిన గీత మాత్రం ఎల్పీ నుంచి క్యాసెట్టుకీ, సీడీకీ, పెన్‌డ్రైవుకీ మారుతూ మోగుతూనే ఉంది. పోయిన మనిషి కోసం పోయిన మనిషి పాడుతున్నాడు. మధ్యలో వింటున్నది ఎవరు?

ఈ ప్రశ్నకి ఇప్పుడు కొత్త పదును వచ్చింది. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు బోర్డు 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. తయారుచేయించింది ఇంగ్లండులో కేంబ్రిడ్జివాళ్లు, అప్పటి ధర 35 డాలర్లు, సైజు ఏటీఎం కార్డంత. బడిపిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని చేసిన ఆ బోర్డుని పాటల పిచ్చివాళ్లు ఎగరేసుకుపోయారు. దాని ధ్వని అంత గొప్పది కాదు కాబట్టి పైన డాక్ అనే చిన్న బోర్డు తగిలిస్తారు. అంకెల్ని విద్యుత్తు అలగా మార్చడం దాని పని. మెమరీ కార్డులో వాల్యుమియో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఒక ఆంప్లిఫయరూ స్పీకరూ కలిపితే పాటల పెట్టె సిద్ధం. సీడీ నాణ్యతలో సెకనుకి 44,100 సార్లు ధ్వనిని కొలిచి, ఒక్కో కొలతని 65,536 మెట్లలో ఒకదానికి సర్దుతారు. స్టీరియోలో ఇలా దాచిన గంట పాట సుమారు 635 మెగాబైట్లు. 32 గిగాబైట్ల కార్డులో నలభై గంటలకు పైగా స్తోత్రాలు పడతాయి.

గుడికి ఇలాంటి పెట్టె కట్టాలంటే రెండు చిక్కులున్నాయి. కృష్ణా డెల్టాలో గాలివాన రాగానే కరెంటు పోతుంది, రాసుకుంటున్న సమయంలో కరెంటు పోతే కార్డు పాడవుతుంది. రెండోది ఇంకా తమాషా. చాలా మోడళ్లకి సొంత గడియారం లేదు. నెట్ అందకపోతే టైము తెలియదు, తెల్లవారుజామున మోగాల్సిన సుప్రభాతం మిట్టమధ్యాహ్నం మోగుతుంది. నాణెమంత బ్యాటరీతో నడిచే గడియారపు చిప్పు తగిలిస్తే ఈ రెండోది తీరిపోతుంది.

తీరాక మొదలయ్యేది అసలు సంగతి. టైమర్ పెట్టేసి పూజారి ఇంట్లో నిద్రపోవచ్చు, భక్తులూ నిద్రపోవచ్చు. నాలుగున్నరకి దేవుణ్ణి పెట్టె లేపుతుంది. అది పూజ అవుతుందా?

వేదవాక్యాల అర్థం విచారించే మీమాంసకులకి ఈ పెట్టె వింతగా తోచదు. శబ్దం నిత్యం, నోరు దాన్ని పుట్టించదు, బయటపెడుతుంది అంతే అన్నది వాళ్ల సిద్ధాంతం. కార్డులో మౌనంగా ఉన్న ఫైలు, దాన్ని వినిపించే డాక్, ఈ జంటని చూస్తే మీమాంసా సూత్రాలు చెప్పిన జైమిని మురిసిపోయేవాడేమో. పలికేవాళ్లు ఎక్కువైతే శబ్దం పెరుగుతోంది కదా, మరి నిత్యం ఎలా అవుతుందని ప్రతివాది అడిగితే, పెరిగేది నాదమే గానీ శబ్దం కాదని ఆయన సూత్రం జవాబిస్తుంది. సౌండు పెంచితే భక్తి పెరుగుతుందనుకునే మైకుసెట్ల కమిటీలు రాసి గోడకి తగిలించుకోదగిన సూత్రమది.

అయితే ఆ సంప్రదాయంలోనే కుమారిల భట్టు రాతలో చూసి నేర్చిన వేదం వల్ల ధర్మజ్ఞానం రాదన్నాడు. గురువు నోటి నుంచే రావాలి. అదే శ్లోకంలో శూద్రుడి నుంచి వచ్చిన వేదాన్నీ తోసేశాడు. గురుముఖం అనే మాట వెనక కంచె కూడా ఉందని మరిచిపోకూడదు. గీత వేదం కాదు, స్మృతి. అయినా సంస్కృతం రానివాళ్ల గడపల్లోకి తెలుగు తాత్పర్యంతో నడిచివచ్చింది ఘంటసాల రికార్డే. యంత్రాన్ని తిట్టేవాళ్లు ముందు ఈ లెక్క ఒప్పుకోవాలి.

తర్కం చెప్పే నైయాయికులు ఇంకో దారిలో వచ్చారు. వాళ్ల దగ్గర పెట్టె లేదు, చిలక ఉంది. అర్థం తెలియని చిలక ఒక వాక్యం పలికితే వినేవాడికి అర్థమవుతోంది. మరి ఆ వాక్యం వెనక ఉద్దేశం ఎవరిది? పదిహేడో శతాబ్దంలో విశ్వనాథ పంచాననుడు సిద్ధాంత ముక్తావళిలో జవాబిచ్చాడు: చిలక పలుకు నిజమైతే ఆ తాత్పర్యం ఈశ్వరుడిది, అబద్ధమైతే దానికి నేర్పినవాడిది. నవ్వొచ్చే జవాబే గానీ బాధ్యత ఎక్కడుందో చూపిస్తుంది. పెట్టె గీత పలికితే వినేవాడికి అర్థం అందుతుంది, అందులో లోటు లేదు. టైమరు తప్పితే నింద దాన్ని పెట్టినవాడికే. పెట్టెకి మాత్రం పుణ్యం లేదు, పాపం లేదు.

ఇక కృష్ణా డెల్టా గుళ్ల సంగతి. కృష్ణానది సముద్రంలో కలిసే హంసలదీవిలో కొలువున్నది వేణుగోపాలుడు, మొవ్వలోనూ ఆయనే. గీత చెప్పినవాడి ఎదుటే గీత రికార్డు మోగిస్తే ఏమవుతుంది? జవాబు భారతంలోనే ఉంది, ఆశ్వమేధిక పర్వంలో, అనుగీత మొదట్లో. యుద్ధం ముగిసి తీరిక దొరికాక అర్జునుడు, అప్పుడు నువ్వు చెప్పినదంతా మరిచిపోయాను, మళ్లీ చెప్పమంటాడు. కృష్ణుడికి చిరాకు వేస్తుంది. అప్పుడు యోగంలో ఉండి చెప్పాను, దాన్ని యథాతథంగా మళ్లీ చెప్పడం నావల్ల కాదంటాడు. దాని బదులు ఇంకో పాత కథ అందుకుంటాడు.

సాక్షాత్తూ భగవంతుడు చేయలేనన్న పనిని ఈ పెట్టె రోజూ చేస్తోంది, అక్షరం పొల్లుపోకుండా. అంటే అది తిరిగి చెబుతున్నది గీతలో తిరిగి చెప్పగలిగినంత భాగమే. మాటలు వస్తాయి, ఘంటసాల రాగం వస్తుంది. ఒక రథం మీద, ఒక ఆపదలో, ఒక మనిషి అడిగితే పుట్టిన చెప్పడం రాదు. అసలు గీత మొదటి నుంచీ ప్రసారమే కదా, సంజయుడు చెబితే ధృతరాష్ట్రుడు విన్నాడు. పూర్తిగా విన్నాడు, కొడుకుల మీద మమకారం మాత్రం వదల్లేదు. ప్రసారంలో లోపం లేదు, వినికిడిలోనే ఉంది.

కాబట్టి పెట్టె వినడానికి సాయం, జపానికి బదులు కాదు. సప్తాహాల్లో భజన బృందాలు వంతులు వేసుకుని ఏడు రోజులు నామం తెగకుండా పాడతాయి. అర్ధరాత్రి నిద్ర ఆపుకుని తాళం పట్టుకున్న మనిషిని లేపేసి ఆ చోట పెట్టెని కూర్చోబెడితే ఏడు రోజులూ నామం మోగుతుంది, సప్తాహం మాత్రం జరగదు. మసీదుల సంగతికొస్తే, రికార్డు చేసిన అజాన్ మనిషి ఇచ్చే అజాన్‌కి సమానం కాదని చాలామంది ఇస్లాం ధర్మశాస్త్ర పండితులు తేల్చారు. ఈ విషయంలో వాళ్లు మన దేవాలయ కమిటీలకంటే స్పష్టంగా ఉన్నారు.

చట్టం మాటా చెప్పుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయటికి వినబడేలా మైకు పెట్టకూడదు. ధ్వనివర్ధకంతోనే ప్రార్థించాలని ఏ మతమూ చెప్పలేదని సుప్రీంకోర్టు అదే ఏడాది ఒక చర్చి కేసులో తేల్చింది. ధనుర్మాసపు చీకట్లో తిరుప్పావై మోగించేవాళ్లకూ ఆ తీర్పు వర్తిస్తుంది.

బందరులోనో అవనిగడ్డలోనో ఎవరైనా కుర్రాళ్లు గుడికి ఇలాంటి పెట్టె కడుతుంటే మానవద్దు, కట్టండి. టైమరూ రిపీటూ మాత్రం తీసేసి ఒక బటన్ పెట్టండి. బటన్ నొక్కడం పూజ కాదు గానీ, నొక్కడానికి ఒక మనిషి లేచి, స్నానం చేసి, గుడికి రావాలి. ఇప్పుడొచ్చే బోర్డుల మీద 40 పిన్నులుంటాయి, బటన్‌కి రెండు చాలు.