ప్రధాన యాజకుని కన్నీరు

హజ్రత్ హారూన్ (అలైహిస్సలాం) హజ్రత్ మూసా (అలైహిస్సలాం)కు సోదరులనీ, దైవప్రవక్త అనీ మనకు తెలుసు. బనీ ఇస్రాయీల్ ప్రజలు ఆయన్ని తమ తొలి ప్రధాన యాజకునిగా కూడా గుర్తుంచుకున్నారు. ఆ పదవి ఆయన సంతతికే చెందాలన్నది వారి తౌరాతు నియమం.

పదవి వైభవం సామాన్యమైనది కాదు. ఎదపై పన్నెండు రత్నాల పతకం, ఒక్కో రత్నం మీద ఒక్కో తెగ పేరు. నీలి అంగీ అంచున బంగారు గంటలు. కట్టుబాట్లూ అంత బరువైనవే. కన్న తల్లిదండ్రులు మరణించినా ఆయన శవం దగ్గరకు పోరాదు, దుఃఖంతో బట్టలు చింపుకోరాదు. వితంతువునుగాని, విడాకులు పొందిన స్త్రీనిగాని వివాహమాడరాదు.

ఏడాదికి ఒక్కరోజు, తిష్రీ నెల 10న, ఆయన ఆ బంగారు దుస్తులు విడిచి తెల్లని నారబట్టలు ధరించి అతి పవిత్ర స్థలంలోకి ప్రవేశించేవాడు. అయితే ప్రజల పాపాల ప్రస్తావనకు ముందు తన కోసం, తన ఇంటివారి కోసం ఒక కోడెను బలి ఇవ్వాలి, తన తప్పులు తానే ఒప్పుకోవాలి. ప్రజల తరఫున రెండు మేకపోతుల వంతు ఆ తర్వాతే. చీటీలు వేసి ఒకదాన్ని బలి ఇచ్చేవారు. రెండవదాని తలపై చేతులుంచి, జనం పాపాలు ఒప్పుకొని, దాన్ని అరణ్యంలోకి పంపివేసేవారు. ఒకరి పాపభారం మరొకరు మోయరని నమ్మే మనకు ఈ తంతు కొత్తగా తోచవచ్చు. నన్ను ఆలోచింపజేసింది మాత్రం అంతకు ముందు జరిగే ఒక చిన్న సంగతి.

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా గ్రంథం దాన్ని వివరిస్తుంది. ఏడు రోజుల ముందే ఆయన్ని ఇంటి నుంచి వేరుచేసి ఆలయంలోని ఒక గదిలో ఉంచేవారు. చివరి రాత్రి నిద్రపోనిచ్చేవారు కాదు. కునుకు పడితే యువ యాజకులు చిటికెలు వేసి లేపి, చల్లని నేలమీద నిలబెట్టేవారు. ఆ రోజు విధులను పెద్దలు చదివి వినిపించేవారు. తర్వాత, తాము చెప్పినదాంట్లో ఒక్కటి కూడా మార్చనని ఆయనచేత ప్రమాణం చేయించేవారు. అప్పుడు ఆయన పక్కకు తిరిగి ఏడ్చేవాడు. వారూ పక్కకు తిరిగి ఏడ్చేవారు.

తనను శంకించారని ఆయన ఏడుపు. ఒక సజ్జనుణ్ణి శంకించవలసి వచ్చిందని వారి ఏడుపు.

ఈ శంక న్యాయమేనా? ఆధారం లేని అనుమానం పాపమని మనకు బోధించబడింది. కాని తెర వెనుక ఆయన ఒంటరివాడు, చూసే కన్ను లేదు. సాంబ్రాణిని తెర బయటే నిప్పుమీద వేయాలని సద్దూకయ్యులు, లోపల వేయాలని పరిసయ్యులు వాదులాడుకునే కాలమది. పైగా ఆ పదవి ఎప్పుడూ యోగ్యులకే దక్కలేదు. క్రీ.పూ. 175లో యాసోను అనే అతడు గ్రీకు రాజు నాలుగవ అంతియొకసుకు డబ్బిచ్చి దాన్ని కొన్నాడు. మూడేళ్ల తర్వాత, రాజుకు కప్పం అందించడానికి యాసోను పంపిన మెనెలాయు అనేవాడే అంతకంటే 300 తలాంతులు ఎక్కువిస్తానని దాన్ని తన్నుకుపోయాడు! హేరోదు కాలం నుంచి క్రీ.శ. 70లో ఆలయం నేలమట్టమయ్యేదాకా 28 మంది ఆ పదవిలోకి వచ్చారని చరిత్రకారుడు యోసేపస్ లెక్క.

కాబట్టి పెద్దలు అడగడం సబబే. ఏడవడం కూడా సబబే అంటాను. ఆ కన్నీరే లేకుంటే ప్రమాణం అవమానంగా మిగిలేది. యాజకుడూ అలిగి వెళ్లిపోలేదు, ప్రమాణం చేశాడు. మనలో జమాఖర్చు అడిగితే చాలు, బాధ్యతే వదిలేసి పోయేవారున్నారు.

హారూన్ (అలైహిస్సలాం) సంగతే చూడండి. ఆవుదూడ ఉదంతంలో దివ్యఖుర్ఆన్ ప్రకారం ఆయన నిర్దోషి, జనాన్ని వారించినవారు. అయినా మూసా (అలైహిస్సలాం) కొండ దిగివచ్చి ఆయన్ని నిలదీశారు, గడ్డం పట్టుకున్నారు. ఆయన ఎదురు కోపగించలేదు. తోడబుట్టినవాడా అని పిలిచి జరిగింది చెప్పుకున్నారు: జనం తనను బలహీనుణ్ణి చేసి చంపబోయారని, వారిలో చీలిక తెచ్చావని అంటావేమోనని భయపడ్డానని. అది విన్న మూసా (అలైహిస్సలాం) క్షమాపణ కోసం దైవాన్ని వేడుకున్నారు. ఆ ప్రార్థనలో ముందు తన పేరు, ఆ తర్వాతే సోదరుని పేరు.