వాడిన పూల తస్వీర్

మా ఇళ్ళల్లో గోడలకి బొమ్మలుండవు. కాబా ఫొటో, ఆయతుల్ కుర్సీ, ఓ క్యాలెండరు. అంతే. అలాంటి మా దీవాన్‌ఖానాలోకి ఓ పూల బొమ్మ వచ్చింది. చెట్లూ, ప్రాణం లేనివీ గీసుకోమని ఇబ్న్ అబ్బాస్ ఓ చిత్రకారుడికి చెప్పారని హదీసు. ఆ సందులోంచే మేం దాన్ని లోపలికి తెచ్చాం.

"తాజా పూలే దొరకలేదా బేటా మీకు?" అంది అమ్మీ.

అది వాన్‌గో పొద్దుతిరుగుడు పూల ప్రింటు. 1888 ఆగస్టులో ఫ్రాన్సులోని ఆర్ల్‌లో గీశాడు. తన పసుపు ఇంటికి స్నేహితుడు గోగాన్ వస్తాడని, అతని గది కోసం. పూలు తొందరగా వాడిపోతాయని పొద్దు పొడవగానే కూర్చునేవాడట. అయినా కుండీలో కొన్ని తల వాల్చేశాయి. కొన్నిటికి రేకులే లేవు. వాటిని దాచలేదు. ఇలాంటి బొమ్మల్ని ఫ్రెంచివాళ్ళు 'చచ్చిన ప్రకృతి' అంటారు.

ఆ మాట మాకు ఎక్కడో గుచ్చుకుంటుంది. ఓ అభ్యుదయ మిత్రుడు మా ఇంటికొచ్చి, బొమ్మ చూసి, "మీ తెహజీబ్ కూడా ఇంతే అందంగా వాడిపోతోంది కదా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. గజలన్నా, షేర్వానీ అన్నా, కూలిన దేవిడీలన్నా ఆయనకి ప్రాణం. మేం అద్దె ఇంటికోసం ఆయన వీధిలో గడపగడపా ఎక్కి దిగినప్పుడు మాత్రం నోరు మెదపలేదు. వాడిపోయేదాన్ని ప్రేమించడం సులువు. అది ఏమీ అడగదు.

ఆయన్నొక్కణ్ణే అనడం దేనికి? ముషాయిరాల్లో పోయిన వైభవం గురించి మేమూ 'వాహ్ వాహ్' అంటూ కళ్ళు తుడుచుకున్నవాళ్ళమే. మా తాత నవాబు కాదు, జట్కా తోలాడు. ఏ తోట పువ్వు వాడిందని ఏడ్చాం? మాది కాని దుఃఖాన్ని గోడకి తగిలించుకుని అదే మా ముఖం అనుకున్నాం.

అలాగని ఆ బొమ్మ తీసెయ్యలేదు. వాన్‌గో ఆ పూలమీద జాలిపడినట్టు మాకు అనిపించదు. విచ్చినదాన్నీ వాలినదాన్నీ ఒకే కుండీలో పెట్టి, వచ్చేవాడికి గది సిద్ధం చేశాడు. వచ్చినవాడు రెండు నెలలకే వెళ్ళిపోయాడు, అది వేరే కథ. ఆ క్రోమ్ పసుపు కూడా వెలుతురుకి నల్లబడే రకం. ఇదే బొమ్మని 1889లో మళ్ళీ గీశాడు. అది ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. రంగుల పొరలు సున్నితమని ఇక ఎక్కడికీ పంపేది లేదని మ్యూజియం వాళ్ళు 2019లో తేల్చారు.

మొన్న అమ్మీ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసింది. రేకులు రాలిన పువ్వుని వేలితో చూపించి, "ఇవి గింజలు కదా" అంది. తర్వాత, అక్కడ ఎండ పడుతోందని, మేకు పీకించి అవతలి గోడకి మార్పించింది.