‘వద్దు’ అన్నది ఎవరు?

కొయ్యూరు పేరు చెప్పగానే స్వతంత్రం అనే మాట దానివెంటే వస్తుంది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపింది ఇక్కడే. అంతకు రెండేళ్ళ ముందు పితూరీ లేవడానికి రోడ్డు పని ఒక కారణం. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించడానికి బాస్టియన్ అనే తహసీల్దారు మన తాతల చేత వెట్టి చేయించాడు. ఈ సంగతి ఏటా బడిలో చెబుతాం. అయితే మోకాళ్ళ నొప్పులతో, బీపీతో, సుగర్‌తో, పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయి ఇంటిపట్టునే బతుకుతున్న ముసలివాళ్ళ స్వతంత్రం గురించి ఎప్పుడూ మాట్లాడుకోం. అదేదో ఇంటి గొడవ అనుకుంటాం.

ఒక మనిషి తన పనులు తాను చేసుకోగలడా లేదా అని చూడటానికి డాక్టర్ల దగ్గర ఒక కొలత ఉంది. 1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికా డాక్టరు తయారు చేసింది. అందులో ఆరు పనులే ఉంటాయి: స్నానం, బట్ట కట్టుకోవడం, దొడ్డికి వెళ్ళడం, మంచం మీంచి లేవడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. తరువాత 1969లో వంట, బట్టలు ఉతకడం, సరుకులు కొనడం, మందులు వేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం లాంటివి కలిపి మరో కొలత వచ్చింది. మంచి కొలతలే. కానీ వీటిని మన గూడెంలో పెట్టి చూడండి. ఒక ముసలమ్మ ఒంటి మీద నీళ్ళు తానే పోసుకోగలదు. గెడ్డకు దిగి బిందె ఎత్తుకుని మళ్ళీ ఎక్కి రాలేదు. ఆవిడకు స్నానం వచ్చినట్టా, రానట్టా? అదే ముసలమ్మ ఇంటి ముందుకు కొళాయి వస్తే, మోకాలు ఏమీ మారకుండానే, ఎవరినీ అడగక్కర్లేని మనిషి అవుతుంది. అంటే ఆవిడ పోగొట్టుకున్నదంతా మోకాలిలోనే లేదు. సగం ఆ దారిలో ఉంది.

అందుకని ఒకరి సాయం లేకుండా బతకడమే స్వతంత్రం అన్న మాట మాకు నచ్చదు. ఆ లెక్కన కొండ మీద పడుచువాళ్ళు కూడా స్వతంత్రులు కారు. పోడు కొట్టినా, ఇల్లు కప్పినా, కోత కోసినా పదిమంది చేతులు పడాల్సిందే. సాయం తీసుకోవడం మనకు చిన్నతనం కాదు.

ఇక్కడే మనవాళ్ళు ఒక మాట గొప్పగా అంటారు. మనలో ముసలివాళ్ళను ఎవరూ వదిలేయరు, పట్నాల్లోలా ఆశ్రమాల్లో పెట్టరు అని. నిజమే. కట్టెలు తెచ్చిపెడతాం, చోడి అంబలి కాచి ఇస్తాం. కానీ ఆ చేత్తోనే కొన్ని పట్టుకుపోతాం కూడా. మన రాష్ట్రంలో ఎస్టీలకు యాభై ఏళ్ళకే వృద్ధాప్య పింఛను ఇస్తారు. 2024 జూలై నుంచి అది నెలకు 4000 రూపాయలు. ఒకటో తారీకున వేలిముద్ర ముసలమ్మది. ఆ డబ్బు ఆవిడ చేతిలో ఎంతసేపు ఉంటుంది? కొడుకు తాగుబోతు అయితేనే తప్పని కాదు. మంచి కొడుకు కూడా ‘నీకెందుకమ్మా, నేను చూసుకుంటాను’ అని తీసుకుంటాడు. ఆవిడకు సంతలో పొగాకు కావాలన్నా, మనవడి చేతిలో పది రూపాయలు పెట్టాలన్నా చెయ్యి చాచాలి. నడవలేకపోవడం జబ్బు తెచ్చింది. చెయ్యి చాచడం మనం తెచ్చాం.

దీనికి ఎదురు కూడా చూస్తున్నాం. అరుగు మీంచి దిగలేని తాత ఏ చోడి గింజ విత్తనానికి దాచాలో, ఏ చింతచెట్టు జోలికి పోకూడదో చెబుతాడు, ఇల్లంతా వింటుంది. కాట్జ్ గారి కొలతలో ఆ తాతకు మార్కులు తక్కువే వస్తాయి.

మందుల సంగతి పంతుళ్ళుగా మమ్మల్ని తాకుతుంది. బీపీ, సుగర్ బిళ్ళలు రోజూ వేసుకోవాలి, బాగుందని మానేస్తే కుదరదు. చదువు రాని వాళ్ళు బిళ్ళను రంగు బట్టి గుర్తు పెట్టుకుంటారు. వచ్చే నెల అదే మందు వేరే రంగులో వస్తే అయిపోయింది. పేరు చదివి చెప్పే మనవలు ఏరీ? ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నారు. మనమే చేర్చాం, చేర్చాలి కూడా. కానీ చదువు ఇంట్లోంచి ఒక జత కళ్ళను తీసుకెళ్ళిందని ఒప్పుకోవాలి. సెలవులకు వచ్చిన పిల్ల అట్ట మీద పొద్దుటి బిళ్ళకు సూర్యుణ్ణి, రాత్రి బిళ్ళకు చంద్రుణ్ణి గీసి వెళ్తే చాలు, ముసలాయన నెలంతా ఎవరినీ అడగడు. ఇది తెలుగు వాచకంలో లేదు గాని, నేర్పడానికి అరగంట పట్టదు.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న డోలీ దగ్గర వస్తుంది. రోడ్డు లేని గూడెం. జబ్బు ముదిరింది. ‘నర్సీపట్నం ఆసుపత్రికి పోదాం రామ్మా’ అంటే ‘వద్దు నాయనా, నన్ను ఇక్కడే ఉండనీ’ అంటుంది. ఆవిడ మాటకు విలువ ఇవ్వాలా, ఎత్తుకుపోవాలా?

ఆ ‘వద్దు’ ఆవిడదే అయితే విలువ ఇవ్వాలి. కానీ చాలాసార్లు అది ఆవిడది కాదు. నలుగురు కుర్రాళ్ళ కూలి పోతుందని, మేకలను చూసేవాళ్ళు ఉండరని, ఖర్చు అవుతుందని అనిపించిన వద్దు అది. మొహమాటం పలికిన మాటను మనిషి ఇష్టమని రాసుకుని చేతులు దులుపుకోవడం గౌరవం కాదు. అలాగని ‘ముసలిదానికేం తెలుసు’ అని మోసుకుపోవడమూ కాదు. ముందు డోలీ ఎవరు మోస్తారో, మేకలు ఎవరు తోలుతారో, ఆసుపత్రిలో ఎవరు తోడుంటారో ఆవిడ ఎదురుగానే తేల్చాలి. తరువాత మళ్ళీ అడగాలి. అప్పుడూ వద్దంటే, మా మటుకు మేము ఆ మాట దగ్గర ఆగుతాం. ఇంటి దగ్గర చేయగలిగిన వైద్యం మానక్కర్లేదు.

మాలో ఒకరిద్దరు దీనికి ఒప్పుకోరు. రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే ఆ గడ్డను కరిగించే సూది మందు నాలుగున్నర గంటల్లోపే పడాలి, అప్పుడు రెండోసారి అడిగే తీరిక ఎక్కడిది అంటారు. అదీ నిజమే. అందుకే ఆ మాట జబ్బు రోజున అడిగేది కాదు. ఎండల్లో, పిల్లలు సెలవులకు ఇంట్లో ఉన్నప్పుడు, గెడ్డలు పొంగకముందు, అరుగు మీద తీరిగ్గా కూర్చుని అడగాలి. వానలు మొదలయ్యాక దారే ఉండదు.