తిమింగిలము క్షమించెనా?

ఉద్యోగవిరమణ చేసిన మా మిత్రులు మువ్వురు కాలిఫోర్నియాలోని బిడ్డలను చూడబోయి, అటనుండి దక్షిణమునకు సాగి, మెక్సికో దేశపు సాన్ ఇగ్నాసియో అను ఉప్పునీటి సరస్సులో చిన్నపడవ నెక్కి తిమింగిలములను చూచివచ్చిరి. బూడిదవన్నె తిమింగిలములు ఉత్తరధ్రువ సముద్రమునుండి శీతకాలమున ఈనుటకై అచ్చటికి వచ్చును. పడవవాడు యంత్రపువేగము తగ్గించి వేచియుండగా, ఒక తల్లి 15 అడుగుల బిడ్డను వెంటబెట్టుకొని ప్రక్కకు వచ్చి తల యెత్తెనట. ఇద్దరు మిత్రులు దానిని నిమిరిరి.

ఈ జాతినే 1840ల నడుమనుండి అమెరికా వేటకాండ్రు ఆ తీరపు సరస్సులలో నూనెకై చంపిరి. బిడ్డను కాపాడుకొనుటకు పడవలు పగులగొట్టిన తల్లికి ‘దయ్యపుచేప’ యని పేరు పెట్టిరి! (పేరు పెట్టు అధికారము ఎల్లప్పుడును చంపినవారిదే గదా.) 1946లో అంతర్జాతీయపు ఒడంబడిక కుదిరిన పిదప వ్యాపారపు వేట నిషిద్ధమాయెను. 1972లో పచీకో మయొరాల్ అను జాలరి, భయపడుచునే, ఆ సరస్సులో ఒకదానిని తాకెను.

“అవి మనలను క్షమించినవి” అని మిత్రులలో నొకరు కన్నీరు పెట్టుకొనిరి. మాకీ మాట సమ్మతము కాలేదు. క్షమింపవలసినవి ఏనాడో చచ్చినవి. వాని పక్షమున బ్రదికియున్నవి క్షమింపగలవా? ఏమియు నెరుగక చేరవచ్చిన ప్రాణి నమ్మికకు క్షమయని పేరిడుట, నేరము చేసినవాడే తీర్పు వ్రాసికొనుట గాదా?

మూడవవారు చేయి చాపలేదట. ముప్పదియేండ్లు బడిలో బెత్తము పట్టినవారాయన. “నేను కొట్టిన పిల్లలు ఇప్పుడు వీధిలో కనబడి నమస్కరింతురు, నాయనా. క్షమించిరనియే యిన్నాళ్లు అనుకొంటిని. ఒక్కనినైన అడిగి యెరుగను” అనిరి.

మేమును బెత్తము పట్టినవారమే. బదులు తోచక, తిమింగిలపు చర్మము చేతికెట్లుండెనని తక్కిన యిద్దరిని అడిగితిమి.