కోట తలుపు, కాబా తాళంచెవి



మన నేరేడుచర్ల నుండి హైదరాబాదు వెళ్ళినవారు పిల్లలకు గోల్కొండ చూపించుకుని వస్తుంటారు. ఇంత పెద్ద కోటను శత్రువు ఎలా పట్టుకున్నాడని పిల్లలు అడిగితే ఫిరంగులతో అని చెప్పేస్తాం. ఫిరంగులతో కాదు.

1687లో ఔరంగజేబు సైన్యం కుతుబ్‌షాహీల రాజధానిని దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించింది. గోడ కింద సొరంగాలు తవ్వి మందు పేలిస్తే అది ఎదురుతిరిగి వారి సైనికులనే బలి తీసుకుంది. పైగా వర్షాలు, కరువు. అయినా కోట లొంగలేదు. చివరకు సెప్టెంబరు 21న, అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు సొమ్ముకు అమ్ముడుపోయి, రాత్రివేళ లోపలినుండి ద్వారం తీయించాడు. సుల్తాను అబుల్ హసన్ తానాషా బందీగా దౌలతాబాదు చేరాడు, అక్కడే కన్నుమూశాడు.

అదే కోటలో అబ్దుర్రజాక్ లారీ కూడా ఉన్నాడు. ఆయనకూ ఆశ చూపుతూ ఫర్మానా వచ్చింది. దాన్ని సైనికుల ముందే చించి పారేశాడు. శత్రువు లోపలికి వచ్చాక కూడా కత్తి దించక, ఒళ్ళంతా గాయాలతో పడిపోయాడు. ఆయనకు వైద్యులను పంపింది ఔరంగజేబే!

ఇరుపక్షాలా ముస్లిములే. ఆ రాజులలో న్యాయం ఎవరిదన్న తీర్పు అల్లాహ్‌కే వదులుతున్నాం. మమ్మల్ని కలవరపెట్టేది ఆ తలుపు. తలుపు పన్నీ సొత్తు కాదు, అమానతు. అప్పగించినదానిలో ద్రోహం చేయడం కపటి లక్షణమని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. మనకు కోటలు లేకపోవచ్చు. కానీ ధాన్యం కాంటా దగ్గర నిలబడినవాడి చేతిలో ఒక తలుపుంది. మస్జిదు చందా డబ్బు దాచేవాడి చేతిలో ఉంది. తండ్రి లేని పిల్లల పొలం చూసే బాబాయి చేతిలో ఉంది. ఎన్నికల ముందురోజు రాత్రి ఇంటికొచ్చిన నోటు పుచ్చుకున్నప్పుడు మనం ఏ తలుపు తీస్తున్నామో ఆలోచించామా?

ఇప్పుడు మరో నగరం సంగతి చూడండి. హిజ్రీ 8, రమజాన్ మాసం. విశ్వాసులను ఇళ్ళనుండి వెళ్ళగొట్టిన మక్కా, ఖురైషుల కేంద్రం, పదివేల మంది సహచరుల ముందు తలవంచింది. ప్రవక్త (సఅసం) సార్వజనిక క్షమాభిక్ష ప్రకటించారు. కాబా తాళంచెవి తెప్పించి, లోపలికి వెళ్ళి వచ్చారు. ఆ సేవాభాగ్యం తమ కుటుంబానికి ఇప్పించమని హజ్రత్ అలీ (రజి) కోరారు. విజేత చేతిలో ఉన్న తాళంచెవి, అడిగినవారు స్వయానా అల్లుడు, తండ్రి సోదరుని కుమారుడు. కాదనడానికి అడ్డేముంది?

ప్రవక్త (సఅసం) ఉస్మాన్ బిన్ తల్హాను పిలిపించారు. తరతరాలుగా ఆ తాళంచెవి ఆయన వంశానిదే. దాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టారు. అమానతులను హక్కుదారులకు అప్పగించమని ఆదేశించే నిసా సూరాలోని 58వ ఆయత్ ఈ సందర్భంలోనే అవతరించిందని వ్యాఖ్యాతలు అంటారు.

పద్నాలుగు శతాబ్దాలు గడిచాయి. మక్కాను ఎందరో ఏలారు, వెళ్ళారు. ఆ తాళంచెవి నేటికీ షైబీ వంశీయుల దగ్గరే ఉంది.