పెండ్లియు, వేలముపాటయు

జన్వాడకుఁ జేరువనున్న కోకాపేటలో 2023 ఆగస్టున భూముల వేలము జరుగఁగా, ఎకరమునకు 35 కోట్ల రూపాయలతో మొదలైన పాట యొక ఖండమునకు 100.75 కోట్ల దాఁక నెక్కినది.

ఇట్టి పాటలలో గెలిచినవాఁడు తఱచుగా నేల నష్టపడును? వస్తువు నిజమైన విలువ యెవ్వరికిని దెలియదు. కొందఱు తక్కువగాను, కొందఱెక్కువగాను నూహింతురు. అందఱికంటె నెక్కువగా నూహించినవానికే వస్తువు దక్కును. కావున గెలుపే పొరపాటునకు సాక్ష్యమగుచున్నది. చమురుక్షేత్రముల వేలములఁ బరిశీలించి కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అను ఇంజినీర్లు 1971లో నీ సంగతిని వెల్లడించిరి. బుద్ధిమంతుఁడు తన యూహకంటెఁ దగ్గించి పాడును.

ఈ న్యాయమే వరకట్నమునకును జెల్లును. 1961 నాఁటి చట్టము నిషేధించినను కట్నపు బేరము లాగలేదు. వరుని భావిశీలము నెవ్వ రెఱుఁగుదురు? అతనిపై మిక్కిలిగా నాశపడిన తండ్రికే యల్లుఁడు దొరకును; అప్పును మిగులును. సంబంధము తప్పునేమో యను భయ మాతనిఁ దగ్గనీయదు. ఆ పొరపాటు ఫలమును గూఁతురు గుడుచును.

పద్మావతీపరిణయమునకై శ్రీనివాసుఁడు కుబేరునియొద్దఁ జేసిన ఋణమునకు నేఁటికిని వడ్డి చెల్లించుచున్నాఁడని పెద్దలు చెప్పుదురు. దేవునికే తీరని పెండ్లియప్పు గృహస్థునకుఁ దీరునా?

దమయంతి మార్గము వేఱు. నలుని రూపమున నేవురు నిలువఁగా, ఆమె ఱెప్పపాటును, చెమటను, నేలనంటిన పాదములను గమనించి నలుని వరించెను. ధరను బెంచలేదు, చూచి తెలిసికొనెను.

సోదరులారా, మేము విన్నవించున దిదియే: ధర పెరిగినకొలఁది వరుని గూర్చిన యెఱుక పెరుగదు. కట్నమడిగిన యింటినుండి లేచివచ్చుటయే గెలుపు. కన్యనడిగి, గుణము నరసి పెండ్లి చేయుఁడు.