మూడవ పరీక్ష

పఠనభాగము: న్యాయాధిపతులు 6:36–40, 7:9–15



మనుష్యుడు తన మోకాలిని చూచి తానే భయపడునా అని మీరు నవ్వవచ్చును. నేను భయపడితిని. కొంతకాలము క్రిందట నా కాళ్లలో తిమ్మిరియు, పిక్కలలో అదురును ఆరంభమాయెను. నేను చూపించుకొనిన మొదటి వైద్యుడు చిన్న రబ్బరు సుత్తితో మోకాలిచిప్ప క్రింద తట్టి, కాలు ఎగురుట మితిమీరి యున్నదని చీటిలో వ్రాసెను. కొన్ని వారములకు రెండవ వైద్యుడు అట్లే తట్టి, ఎడమకాలు కదలుటయే లేదని వ్రాసెను. కాలు ఒక్కటే; మాటలు రెండు.

ఆ దినమునుండి నాకు నిద్ర కరవాయెను. ఇంటివారు పండుకొనిన పిమ్మట నేను మంచముమీద కూర్చుండి, అరచేతి అంచుతో మోకాలిని కొట్టుకొని చూచుకొనుచుంటిని. కాలు ఎగిరినయెడల మొదటి చీటి నిజమని భయము. ఎగురనియెడల రెండవ చీటి నిజమని భయము. ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత నా భార్య మెల్లగా, "ఈమధ్య మీ ప్రార్థనలో మేమెవరమూ ఉండడము లేదండీ" అనెను. ఆ మాట సుత్తి దెబ్బకంటె లోతుగా తగిలెను.

ఈ పరీక్ష ఎట్టిదో కొంచెము తెలిసికొందము. వైద్యులు రిఫ్లెక్స్ అని పిలుచు ఈ ప్రతీకార చర్యకు మన ఆజ్ఞ అక్కరలేదు. సుత్తి తగలగానే మోకాలి క్రింది స్నాయువు సాగును, ఆ వార్త నరముగుండ వెన్నుపామునకు పోయి, అక్కడనుండియే తొడ కండరమునకు తిరిగివచ్చును, కాలు ఎగురును. దీనిని 1875లో జర్మనీ దేశపు వైద్యులైన ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అను ఇద్దరు ఎవరికివారే వివరించిరి. ఎర్బ్ ఇది నరముల ప్రతీకార చర్య యనెను. వెస్ట్‌ఫాల్ ఇది కండరము తానుగా కదలుటయే యని తలంచెను. పరీక్ష పుట్టిన సంవత్సరముననే పండితులిద్దరు రెండు మాటలు చెప్పిరి!

నేటికిని వైద్యులు సాధారణముగా దీనిని 0 మొదలు 4 వరకు అంకెలు వేసి కొలుతురు. నడుమనున్న 2 సామాన్యము; కాని 1 గాని 3 గాని ఆరోగ్యవంతులలోను కనబడును. కూర్చున్న తీరు, కండరము బిగిసియుండుట, తట్టిన చోటు, రోగి భయము – వీటన్నిటినిబట్టి అంకె మారును. అందుచేతనే వివేకముగల వైద్యుడు ఒక్క అంకెను చూచి తీర్పు తీర్చడు. కుడియెడమల భేదమును, కండర బలమును, స్పర్శను, నడకను కలిపి చూచును. అరికాలిని గీసి బొటనవ్రేలు పైకి లేచునా యని చూచును. ఆ గుర్తును 1896లో పారిస్ నగరమున బాబిన్‌స్కీ అను వైద్యుడు ప్రకటించెను. ఇవన్నియు నేను తరువాత నేర్చుకొంటిని. అప్పుడైతే నాకు ఆ రెండు చీటీలు తప్ప మరేమియు కనబడలేదు.

గిద్యోనును చూడుడి. అతడు కళ్లమున గొఱ్ఱెబొచ్చు పరచి గుర్తు అడిగెను. మొదటి రాత్రి బొచ్చు తడిసెను, నేల ఆరియుండెను. అంతటితో తృప్తి చెందక మరల అడిగెను. రెండవ రాత్రి బొచ్చు ఆరియుండెను, నేల తడిసెను. రెండు రాత్రులు, రెండు విరుద్ధమైన ఫలితములు. రెండును అతడు కోరినవే, రెండును ఒకే దేవుని చేతినుండి వచ్చినవే. అయినను అతని భయము తీరెనా? తీరలేదు. ఏడవ అధ్యాయములో యుద్ధపు రాత్రియందు సయితము దేవుడు అతని భయమును ఎరిగియే మాటలాడెను. అయితే ఆయన మూడవసారి బొచ్చు పరచుమని చెప్పలేదు. అతనిని గద్దింపనులేదు. నీకు భయమైనయెడల నీ పనివాడైన పూరాను తోడుకొని దిగిపొమ్మని సెలవిచ్చెను. అనగా భయపడువానికి దేవుడు మరియొక పరీక్షను గాక, ఒక తోడును, ఒక పనిని ఇచ్చెను.

నాకును ఆయన అట్లే చేసెను. మూడవ వైద్యుని కొరకు వరండాలో కాచియుండగా, నా ప్రక్కన ఒక వృద్ధురాలు తన మనుమని ఒడిలో పరుండబెట్టుకొని కూర్చుండెను. ఆమె తర్రెం వైపునుండి వచ్చినది. అది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమందలి బస్తరు ప్రాంతములో, బీజాపూర్ జిల్లాలోనిది. 2021 ఏప్రిల్ 3న ఆ దాపున జరిగిన ఎదురుకాల్పులలో 22 మంది భద్రతా సిబ్బంది మరణించినప్పుడు మనలో అనేకులము ఆ పేరు మొదటిసారి చదివితిమి. ఆ తావులనుండి మిరపకాయల కోతకు తెలంగాణకు కూలికి వచ్చువారు కలరు. ఈమెయు అట్లు వచ్చుటవలననే తెలుగు నేర్చెను. మనుమనికి మూర్ఛలు మొదలై రెండేండ్లాయెనట.

"నీకేమైంది, నాయనా?" అని ఆమె నన్ను అడిగెను.

నేనేమి చెప్పుదును? ఒకరు హెచ్చనిరి, ఒకరు తక్కువనిరి, అందుచేత మూడవవారియొద్దకు వచ్చితినని చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఆమె మనుమనికి ఇదే మొదటి వైద్యుడు. నేను లేచి ఆమె చీటిని కిటికీయొద్ద చూపించితిని. లోపలికి తోడుకొని పోతిని. వైద్యుడు వ్రాసిన మాత్రలు ఏ వేళకు ఎన్ని వేయవలెనో, మూర్ఛలు ఆగినవి గదా యని వైద్యుని అడుగక మానివేయుట ఎంత అపాయమో, ఆమె తిరిగి చెప్పగలుగువరకు వివరించితిని. రెండు గంటలు గడిచెను. ఆ రెండు గంటలలో నేను నా కాళ్లను ఒక్కమారైన తలంచలేదు.

నా వంతు వచ్చినప్పుడు ఎడమకాలు మరల కదలలేదు. అప్పుడా వైద్యుడు, "అయ్యగారూ, మోకాలిని చూడకండి. రెండు చేతుల వ్రేళ్లు ఒకదానిలో ఒకటి పెనవేసి గట్టిగా లాగండి" అనెను. లాగితిని. కాలు చక్కగా ఎగిరెను! హంగేరీ దేశపు వైద్యుడైన యెండ్రాసిక్ పేరిట పిలువబడు ఈ ఉపాయము నరముల వైద్యులందరికి తెలిసినదే. కాలినే కనిపెట్టుచు బిగిసియున్నవానిలో దాగిన చర్య, చేతులు వేరొక పనిలో నుండగా బయలుపడును. "మునుపటివారు చూచినది తప్పు కాదు. ఏ దినమున కనబడినది ఆ దినమున వ్రాసిరి. బలము తగ్గలేదు, అరికాలి గుర్తు మంచిది. ఆరు నెలలకు రండి; బలము తగ్గినట్లు తోచిన వెంటనే రండి" అని అతడు చెప్పెను.

ప్రియులారా, వైద్యమును తృణీకరించుడని నేను చెప్పుట లేదు. ప్రియుడైన వైద్యుడగు లూకా పౌలు చెంత నుండెను. ఒక ప్రక్క చేయి గాని కాలు గాని హఠాత్తుగా పడిపోయినను, మాట తడబడినను, మూత్రము పట్టు తప్పినను, ప్రార్థన పేరిట ఒక గంటయైన జాగు చేయకుడి, ఆసుపత్రికి పరుగెత్తుడి. అయితే చూచిన వైద్యుడు చాలునన్న పిమ్మట, భయమును అణచుటకే మరియొక గుమ్మము తట్టువాడు ఆరిన బొచ్చును మరల పరచువాడే. నమ్మదగిన ఒక్క వైద్యుని ఎంచుకొని, చీటీలన్నియు అతని యెదుట పెట్టుడి. మీ భయమును దాచక పూరావంటి ఒక్కనితో చెప్పుడి. అటుపిమ్మట మీ పనికి లేచిపొండి. గిద్యోను దేవునికి నమస్కరించి తన పాళెమునకు తిరిగివచ్చి ఇతరులను లేపెను. అతని భయము అక్కడ ఓడిపోయెను.

నా కాళ్లలో ఏమియు రాదని ఎవరును నాకు వాగ్దానము చేయలేదు. ఇప్పటికిని కొన్ని రాత్రులు నా చేయి మోకాలివైపు పోవును. అప్పుడు ఆ చేతిని రెండవ చేతితో పెనవేసి, తర్రెం వైపునున్న ఆ బిడ్డ నేడు మాత్ర వేసికొనెనో లేదో యని అతని కొరకు ప్రార్థింతును. నన్ను పరిశోధించి తెలిసికొనిన దేవుడు (కీర్తన 139) ఆ దినమున ఒక అంకెయు ఈ దినమున వేరొక అంకెయు వ్రాయువాడు కాడు.

ప్రార్థన: తండ్రీ, మేము మట్టివారమని నీవెరుగుదువు. మా దేహములను కాచుకొనుటకు వివేకమును, వాటినే కాచుచు కూర్చుండకుండునట్లు విడుదలను దయచేయుము. వైద్యుని ముఖము ఎన్నడును చూడని నీ బిడ్డలను జ్ఞాపకము చేసికొని, వారియొద్దకు మమ్మును పంపుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.